ముత్యపుచిప్ప బొత్తాములు

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన వస్తువు మిక్కిలి చిన్నది. చిటికెనవ్రేలి గోటికంటె అంతగా పెద్దది కాదు. చొక్కాకు నాలుగో అయిదో కుట్టబడి యుండును. ఊడిపోయిన దినమున దప్ప దానిని మనము తలపము. అదియే బొత్తాము. అందులోను నేను చెప్పబోవునది పూర్వకాలపు ముత్యపుచిప్ప బొత్తామును గూర్చి.

మా అమ్మగారి వద్ద ఒక రేకుడబ్బీ యుండెడిది. మా నాయనగారి చొక్కా చిరిగి పనికిరానిదైనప్పుడు, ఆమె దానిని పాతగుడ్డలలో పడవేయుటకు ముందు బొత్తాములను కత్తెరతో కోసి ఆ డబ్బీలో వేసెడిది. క్రొత్తచొక్కా కుట్టించునపుడు ఆ బొత్తాములనే మరల దర్జీకి పంపెడిది. ఈ విధముగా ఒక్కొక్క బొత్తాము మూడు నాలుగు చొక్కాల కాలము పనిచేసినది. ఆమె గతించిన పిమ్మట ఆ డబ్బీ నాకు వచ్చినది. మొన్నటి వేసవిలో నా మనుమరాలు దానిని చాపమీద క్రుమ్మరించి, ఒక బొత్తామును వెలుతురునకు పట్టి, "తాతయ్యా, దీనిలో ఇంద్రధనుస్సు ఉన్నది. దీనిని దేనితో చేసినారు?" అని యడిగినది. నేను తడుముకొనక "పింగాణీతో" నని చెప్పితిని. ఆ పిల్ల నమ్మి ఆటకు వెళ్లిపోయినది. రాత్రి పండుకొన్న పిదప నా మాట నాకే నచ్చలేదు. పింగాణీకి ఆ రంగులెక్కడివి? తెలియనిదానిని తెలిసినట్లు పసిపిల్లకు చెప్పితినే యని సిగ్గు కలిగినది. పుస్తకములు వెదకి, తెలిసినవారి నడిగి, గ్రహించినదానిని ముందుగా ఆ పిల్లకు చెప్పి తప్పు దిద్దుకొంటిని. నేడు మీకును మనవి చేయుచున్నాను.

ఏటి యిసుకలోను, చెరువుల యొడ్డునను దొరకెడి ఆల్చిప్పలు మీకు తెలిసినవే. చిప్ప వీపును రాతిమీద అరగదీసి, చిల్లిపడిన తరువాత ఆ యంచుతో పచ్చిమామిడికాయల చెక్కు తీయుట మన యిండ్లలో చిరకాలముగా నున్న వాడుక. సముద్రతీరమువారు గుల్లలను బట్టీలో కాల్చి సున్నము చేయుదురు. ఆల్చిప్పను వెలుపల చూచిన నల్లగనో, గోధుమవన్నెగనో, గరుకుగా నుండును. లోపలివైపు మాత్రము వెన్నెలవలె మెరయును. ఆ లోపలి పొరయే ముత్యపుచిప్ప. బొత్తాము చేయుటకు పనికివచ్చునది అదియే. అయితే ఆ పొర తగినంత మందముగా నుండవలయును. పలుచని చిప్ప రంపము తగులగానే పగిలిపోవును.

ఈ పొర యేమి పదార్థము? నూటికి సుమారు తొంబదియైదు పాళ్లు సున్నపురాయి యేదో, సుద్ద యేదో, అదియే ఇది. తక్కిన కొంచెము చిప్పలోని ప్రాణి తన దేహమునుండి స్రవింపజేసిన జిగురువంటి పదార్థము. సుద్దముక్క గోటితో గీచిన రాలిపోవునే, చిప్ప ఇంత గట్టిగా నేల యుండవలయునని మీరడుగవచ్చును. కట్టుబడిలోనే యున్నది రహస్యము. ఇటుక మీద ఇటుక పేర్చి నడుమ అడుసు పూసి గోడ పెట్టినట్లు, ఆ ప్రాణి సున్నపు పలకలను వరుసలుగా పేర్చి, నడుమ జిగురు పూయుచు పోవును. ఒక్కొక్క పలక మందము అంగుళములో సుమారు యాబదివేలవ వంతు మాత్రమే. ఒక పలక బీటవారినను ఆ బీట జిగురుపొర దగ్గర నాగిపోవును. అందువలన చిప్పకు బలము. మెరుపునకును ఇదియే కారణము. ఇంత సన్నని పొరలమీద పడిన వెలుతురు పై పొరనుండి కొంత, క్రింది పొరలనుండి కొంత తిరిగివచ్చి, ఒకదానితో నొకటి కలిసి రంగులుగా విడివడును. నీటిమీద నూనెచుక్క పడినప్పుడు కనబడు రంగులును ఇట్టివే. రంగు ఎవరును పూసినది కాదు గనుక ఎన్ని యేండ్లు గడచినను వెలియదు.

స్వాతికార్తెలో పడిన చినుకు చిప్పలో ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. వాస్తవమున చిప్పలోని మెత్తని దేహమునకు ఏదైన పురుగో, మరియొక వస్తువో లోపల చేరి బాధ పెట్టినప్పుడు, ఆ ప్రాణి తన యింటిగోడకు పూయు పూతనే దానిచుట్టును పొరలుపొరలుగా చుట్టును. అదియే ముత్యము. కావున ముత్యమును, చిప్పయు ఒకే పదార్థము. మన పేదవాని చొక్కామీది బొత్తామును, జమీందారుని మెడలోని ముత్యమును ఒకే పనివాని చేతివని చెప్పవచ్చును.

చిప్పను చెక్కి అలంకారముగా ధరించుట మిక్కిలి ప్రాచీనమైన విద్య. సింధునదీ లోయలోని మొహెంజొదారో త్రవ్వకములలో, రంధ్రములు పొడిచిన చిప్పబిళ్లలు దొరకినవి. అవి బట్టను బిగించుటకుగాక అందమునకై కుట్టుకొనినవి కావచ్చును. ఇటీవలి కాలమున, అనగా పందొమ్మిదవ శతాబ్దమున, ఇంగ్లాండులోని బర్మింగ్‌హాము పట్టణమును, ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమును ఈ పనికి ప్రసిద్ధి కెక్కెను. వారికి చిప్పలు సముద్రమార్గమున వచ్చెడివి. పారశీక సింధుశాఖనుండియు, ఫిలిప్పైను దీవులనుండియు, తరువాత ఆస్ట్రేలియా ఉత్తరతీరమునుండియు ఓడలలో దిగెడివి. ఆస్ట్రేలియాలోని బ్రూమ్ అను రేవు ఇరువదవ శతాబ్దారంభమున లోకమునకు కావలసిన పెద్దచిప్పలలో అధిక భాగమును పంపినది. అచ్చటి చిప్ప అడ్డాకుల విస్తరిలో సగమంత వెడల్పునకు పెరుగును. దానికై సముద్రగర్భమునకు దిగిన గజయీతగాండ్రలో జపాను దేశస్థులు మెండు. లోతునుండి త్వరగా పైకి తేలినందున రక్తములో గాలిబుడగలు పుట్టి కొందరును, తుపానులలో కొందరును చనిపోయిరి. తొమ్మిది వందలకు పైగా జపానువారు బ్రూమ్ శ్మశానమున సమాధి చేయబడిరి. బొత్తాము వెల చెల్లించినవారెవరును ఆ లెక్క నెరుగరు.

ఇక చేయు విధానమును చెప్పెదను. మొదట చిప్పలను పరిమాణమును బట్టి, మందమును బట్టి వేరుచేయుదురు. ఎండిన చిప్ప పెళుసుగా నుండును గనుక, పీపాలలో నీరు పోసి కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారమువరకును నానవేయుదురు. తరువాత కోతపని. దీనికి వాడు రంపము మన వడ్రంగి రంపమువంటిది కాదు. అది ఉక్కురేకును చుట్టి చేసిన గొట్టము. గొట్టపు మూతి చుట్టును పండ్లుండును. తరిమెనకు బిగించి త్రిప్పుచుండగా, పనివాడు చిప్పను పట్టకారుతో పట్టి దాని కెదురుగా అదుమును. అప్పడముల పిండిలో గిన్నె నదిమి బిళ్లలు తీసినట్లు చిప్పనుండి గుండ్రని బిళ్ల ఊడివచ్చును. వేడి పుట్టకుండుటకును, దుమ్ము లేవకుండుటకును నీరు చిమ్ముచుందురు. ఏ తావున గొట్టము నుంచిన నెక్కువ బిళ్లలు వచ్చునో, ఎచట పొర పలుచనో, ఎచట మచ్చ యున్నదో కోతగాడు చూపుతోనే నిర్ణయింపవలయును. ఒకే చిప్పలో అంచుదగ్గర చిన్న బిళ్లలు, మందమైన చోట పెద్దవి తీయుదురు.

బిళ్ల వెనుకవైపు చిప్ప బెరడు అంటియుండును. దానిని సానమీద అరగదీసి మందమును సమము చేయుదురు. పిమ్మట ముందువైపున తరిమెనమీద అంచు తీర్చి, దారము అణగియుండుటకై నడుమ పల్లము చెక్కి, రెండో నాలుగో రంధ్రములు తొలుతురు. చివరకు పీపాలలో నీటితోను, మెరుగురాతి పొడితోను, కొంచెము ఆమ్లముతోను కలిపి దొర్లించుచుందురు. ఒకదానిపై నొకటి రాచుకొని అవి నునుపెక్కును. కడిగి ఆరవేసిన తరువాత, మెరుపును బట్టి తెగలు చేసి అట్టలమీద కుట్టి అంగళ్లకు పంపుదురు. బొత్తాముల లెక్కలో పన్నెండు డజన్లు, అనగా 144, ఒక గ్రోసు. వెడల్పును కొలుచుటకు అంగుళమును 40 భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక గీత యందురు. మన చొక్కా బొత్తాము సుమారు పదునెనిమిది గీతలది.

ఇంతవరకు సముద్రపు చిప్పల మాట. ఇక నదుల చిప్పలు ఈ వర్తకములోనికి ఎట్లు వచ్చెనో చెప్పవలయును. జర్మనీలో హాంబర్గు నగరమునకు చేరువనున్న ఒటెన్సెన్ అను ఊరిలో జాన్ బోపుల్ అను బొత్తాముల పనివాడుండెను. అతడు 1887లో అమెరికాకు వలసపోయెను. అచ్చటి యొక యేటిలో స్నానము చేయుచుండగా కాలికి చిప్ప గుచ్చుకొని, దానిని తీసి చూచి, ఇదియే నేను వెదకుచున్న చిప్ప యని గుర్తించెనని చెప్పుకొందురు. 1890లో అమెరికా ప్రభుత్వము పరదేశపు బొత్తాములపై పెద్ద సుంకము విధించెను. ఆస్ట్రియా పనివారికి అది గొడ్డలిపెట్టయ్యెను, బోపులునకు కలిసివచ్చెను. అతడు 1891లో అయోవా రాష్ట్రమున మిసిసిపీ నదియొడ్డునగల మస్కటీను పట్టణమున తన కార్ఖానాను స్థాపించెను. అతని వెంట మరికొందరు, వారి వెంట వేరొకరు పెట్టుబడి పెట్టిరి. స్వయముగా పనిచేయు యంత్రములు వచ్చెను. 1905వ సంవత్సరమున ఆ యొక్క పట్టణమున సుమారు 150 కోట్ల బొత్తాములు తయారయ్యెను. లోకములో ఆ యేట తయారైన బొత్తాములలో అది మూడవ వంతునకు మించినది.

నదిలో చిప్పలను పట్టు ఉపాయము విచిత్రమైనది. ఒక పొడుగాటి కమ్మికి అనేక దారములు, దారములకు కొక్కెములు కట్టి, పడవనుండి నది యడుగున ఈడ్చుకొని పోవుదురు. నోరు తెరచియున్న ఆల్చిప్పకు కొక్కెము తగులగానే అది బెదరి గట్టిగా మూసుకొనును. మూసుకొన్నది విడువదు. అట్లే పైకి లాగబడును. తన్ను కాపాడుకొనుటకు చేసిన పనియే దానికి మృత్యువయ్యెడిది. ఒడ్డున వానిని ఆవిరిపై నుడికించి, మాంసమును తీసివేసి, ముత్యము దొరకునేమోయని తడవి, చిప్పలను కార్ఖానాకు అమ్మెడివారు.

పనివారి బ్రతుకు సుఖమైనది కాదు. తడిదుమ్ము ఊపిరితిత్తులలో చేరెడిది, చిప్పపెంకులు కండ్లలో పడెడివి, వ్రేళ్లు తెగెడివి. స్త్రీలును పిల్లలును ఇంటిలో కూర్చుండి అట్టలకు బొత్తాములు కుట్టెడివారు. ఒక గ్రోసు కూలి యిచ్చి, పగిలినవి పోవునను నెపమున 144కు మించిన బిళ్లలను పుచ్చుకొనుచున్నారనునది కోతగాండ్ర ముఖ్యమైన మొర. 1911లో వారు సంఘముగా నేర్పడి పోరాడిరి. ఆ తగవు మరుసటి యేటివరకు సాగి, తుదకు పనివారికే నష్టముగా ముగిసెను.

అంతకంటె పెద్ద నష్టము నదికి కలిగెను. ఆల్చిప్ప బొత్తామునకు తగిన మందమునకు ఎదుగుటకు అనేక సంవత్సరములు పట్టును. దానిని కోసి బిళ్లలు తీయుటకు కొన్ని నిమిషములు చాలును. ఒకచోట చిప్పలు తరిగిన వెంటనే పడవలు మరియొకచోటికి, ఆ నదినుండి మరియొక నదికి పోయెను. మస్కటీనులో వర్తకము ప్రారంభమై ఇరువది యేండ్లు నిండకమునుపే చిప్పల కరవు కనబడెను. ప్రభుత్వమువారు మేలుకొని, ఫెయిర్‌పోర్టు అనుచోట ఒక పరిశోధనాలయమును నెలకొల్పుటకు 1908లో అనుమతి నిచ్చిరి. ఆల్చిప్పలను మరల పెంచుట దాని పని.

అక్కడ బయటపడిన సంగతి రైతులమైన మనము విశేషముగా గమనింపదగినది. ఆల్చిప్పపిల్ల దుమ్మురేణువంత యుండును. అది పుట్టిన వెంటనే తనంతట బ్రతుకజాలదు. ఒక చేప మొప్పలకో రెక్కలకో అంటుకొని కొన్నివారములు దాని రక్షణలో నుండి, ఆకారము ధరించిన పిదపనే జారి నది యడుగునకు చేరును. అదియు ఏ చేప యైనను పనికిరాదు. ఒక్కొక్క జాతి చిప్పకు తగిన చేపజాతులు వేరుగా నుండును. కావున చేప పోయిన చోట చిప్ప పోవును. చేప తిరుగకుండ ఆనకట్ట అడ్డమైన చోటనుండియు చిప్ప పోవును. పరిశోధకులు చేపల మొప్పలకు ఈ పిల్లలను అంటించి, లక్షలకొలది నదులలో విడిచిరి. కాని విడిచినదానికంటె పట్టినది ఎక్కువ. నదులలోని మురికియు, ఆనకట్టలును దానికి తోడయ్యెను. ఒకప్పుడు బొత్తాములకై పట్టిన జాతులలో కొన్ని నేడు మిక్కిలి యరుదై, చట్టము యొక్క రక్షణలో నున్నవి.

బోపుల్ మాట ముగింపవలసి యున్నది. పెట్టుబడిదారుల పోటీలో అతని కార్ఖానా నిలువలేదు. చివరి దినములలో అతడు ఫెయిర్‌పోర్టు పరిశోధనాలయమువారి కొలువులో చేరి, నదులలో చిప్పల పరీక్ష చేయుచుండెను. ఆ పనిలో ఒకనాడు యేటిలో దిగగా చిప్పయంచు కాలికి తెగి, ఆ గాయము విషించి 1912లో మరణించెను. తానే మొదలుపెట్టిన కోతవలన తరిగిన చిప్పలను మరల పెంచుటకై పాటుపడుచు అతడు పోయెనని నాకు తెలిసిననాడు, కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిని.

మన దేశమునను ఈ పరిశ్రమ కలదు. బీహారులోని చంపారణ్యము గాంధీమహాత్ముడు 1917లో నీలిమందు రైతుల పక్షమున నిలిచిన తావుగా మీరెరుగుదురు. ఆ సీమలోనే మెహసీ యను ఊరు కలదు. అచ్చటి పాఠశాలల సబ్‌ఇనస్పెక్టరగు భులావన్ లాల్ గారు 1905లో సిక్రహనా నదిలోని చిప్పలతో బొత్తాములు చేయ నారంభించిరి. మొదటి బొత్తాములు మోటుగా నుండి అంగడిలో నిలువలేదు. వారు వెనుదీయక ప్రయత్నింపగా, క్రమముగా యంత్రములు వచ్చి, పని ఇంటింటికి వ్యాపించెను. బడులను తనిఖీ చేయు ఉద్యోగి యొకడు తన యూరి నదిని చూచి, దీనిలో మావారికి కూడు గలదని తలచుట ఎంతయు మెచ్చదగినది. మా నాయనగారి బొత్తాములు మెహసీవో, విదేశమువో నేను చెప్పజాలను. మెహసీవైనచో నాకు సంతోషమే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్లాస్టిక్ బొత్తాము వచ్చెను. అది చవుక. ఎన్ని లక్షలైనను ఒకే తీరున నుండును. బట్టలుతుకు యంత్రపు వేడికిని, ఘాటైన సబ్బుపొడికిని తట్టుకొనును. చిప్ప బొత్తాము దానితో పోటీపడలేకపోయెను. మస్కటీను కార్ఖానాలు 1960 దాటిన కొలది యేండ్లలో చిప్పను విడిచి ప్లాస్టిక్కునకు మరలినవి. మెహసీలోను ఈ పోటీ వలనను, చిప్పల కొరత వలనను పని చాల తగ్గినది. ప్లాస్టిక్ వచ్చుట నదులకు కొంత ఊరట యైనదనుట నిజమే. పనివాని నోటికాడి కూడు పోయినదనుటయు నిజమే. రెండింటిలో నొకదానిని మరచి మాటలాడుట నాకు న్యాయముగా తోచదు.

మీ యిండ్లలోను పాత పెట్టెలలో ఇట్టి బొత్తాములు ఉండవచ్చును. గుర్తుపట్టుట సులభము. చెంపకు తాకించిన చల్లగా నుండును, ప్లాస్టిక్ అట్లుండదు. చేతికి కొంచెము బరువు తెలియును. వెనుకవైపు త్రిప్పి చూచిన తరచుగా చిప్పబెరడు యొక్క గోధుమచార యేదైన మిగిలియుండును. పది బొత్తాములు ప్రక్కప్రక్కన పెట్టిన ఏ రెండును అచ్చముగా ఒకటిగా నుండవు. కాపాడుటయు కష్టము కాదు. ఇవి సున్నపుజాతివి గనుక నిమ్మరసము, చింతపండు పులుసు తగులరాదు. తగిలిన మెరుగు చచ్చును. చాకలిసోడాలో నానవేయరాదు; ఉడుకునీట వేయరాదు. మెత్తని గుడ్డను తడిపి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దిన చాలును. ఇస్త్రీపెట్టెను బొత్తాముపై నడపక, చుట్టును పోనీయవలయును.

మరియొక మనవి. మన చెరువులలోని ఆల్చిప్పలను పనికిమాలిన గుల్లలని తలపకుడు. ఒక్కొక్క చిప్ప దినమంతయు నీటిని లోనికి పీల్చి, అందులోని నలుసును తిని, తేటనీటిని బయటకు విడుచుచుండును. చిప్పలు బ్రతికియున్న చెరువులో నీరును చేపయు ఇంకను బాగుగనే యున్నవని తెలిసికొనవచ్చును. మీ చిన్ననాట ఏ రేవున చిప్పలు దొరకెడివో మీకు జ్ఞాపకముండును. ఒకసారి మీ మనుమలను వెంటబెట్టుకొని ఆ రేవునకు పోయి, ఇప్పుడును ఉన్నవేమో చూడుడు. లేనిచో ఏల లేవని ఊరిలో నలుగురితో మాటలాడుడు.

నా మనుమరాలు ఆ డబ్బీలోనుండి నాలుగు బొత్తాములు తీసికొని తన గౌనుకు కుట్టించుకొనినది. తక్కినవి నా వద్దనే యున్నవి. ఆ దర్జీ కుర్రవాడు వానిని చేతిలో వేసికొని చూచి, "ఇవి యేమి బొత్తాములండీ?" అని నన్నడిగెను. ఈసారి నేను పింగాణీ యని చెప్పలేదు.